ఉత్తరాలు వెళ్ళే దారి, నీళ్ళు వెళ్ళే దారి

మా నాన్న ఆర్‌ఎంఎస్‌లో సార్టర్. రైల్వే మెయిల్ సర్వీస్ అన్న మాట ఇప్పటి పిల్లలు విని ఉండకపోవచ్చు. రైలు నడుస్తుండగానే అందులోని తపాలా పెట్టెలో నిలబడి, ఏ ఊరి ఉత్తరాలను ఆ ఊరి కట్టలో చేర్చే ఉద్యోగం అది. మన దేశంలో ఈ పద్ధతి 1860ల్లో అలహాబాద్, కాన్పూర్‌ల మధ్య మొదలైంది. రాత్రి రైలెక్కిన ఉత్తరం తెల్లవారేసరికి ఏ సంచిలో ఉండాలో ఆ సంచిలో ఉండేది. ఊళ్ళన్నీ నిద్రపోతుంటే సార్టర్లు మేలుకుని ఆ పని చేసేవారు. నాకు భారతదేశం తెలిసిందంటే మొదట ఆ పెట్టె పుణ్యమే.

క్యారియర్ ఇవ్వడానికి అమ్మతో కలిసి స్టేషన్‌కు వెళ్ళినప్పుడు నాన్న నన్ను ఎత్తుకుని తలుపు దగ్గర నుంచి లోపలికి చూపించేవారు. గోడ పొడుగునా చెక్క అరలు. ఒక్కో అరకు ఒక కాగితం చీటీ, దాని మీద సిరాతో రాసిన ఊరి పేరు. కొక్కేలకు నోళ్ళు తెరుచుకుని వేలాడే సంచులు. కరిగిన లక్క వాసన. పచ్చటి బల్బు వెలుగులో ఒకాయన ఎడమ చేత్తో ఉత్తరాల దొంతర పట్టుకుని, కుడి చేత్తో ఒక్కొక్కటే తీసి అరల్లోకి విసురుతుండేవారు. చిరునామా మీద ఆయన చూపు నిలిచినట్టే కనిపించదు, ఉత్తరం మాత్రం తన అరలోకే వెళ్ళి పడుతుంది. పెట్టె బయటివైపు ఉత్తరాలు వేసేందుకు సన్నటి సందు ఉండేది. ఊళ్ళో డబ్బా తీసే వేళ దాటిపోయిన వాళ్ళు లేట్ ఫీ బిళ్ళ అంటించిన ఉత్తరంతో ప్లాట్‌ఫారం మీద పరుగెత్తుకొచ్చి అందులో వేసి, ఊపిరి పీల్చుకుని వెనక్కి వెళ్ళేవారు.

నాన్న ఉద్యోగంలో చేరేనాటికి పిన్ కోడ్ లేదు. ఊళ్ళ పేర్లు కంఠతా రావాలి. అయితే పేరు వస్తే చాలదు, అది ఏ జిల్లాలో ఉందో తెలిసినా చాలదు. ఆ ఊరికి వెళ్ళాల్సిన కట్ట ఏ రైలెక్కి, ఏ జంక్షన్‌లో దిగి, అక్కడ ఎవరి చేతికి అందాలో తెలియాలి. శాఖలో దానికి పరీక్షలు పెట్టేవారు. పరీక్ష దగ్గర పడుతోందంటే నాన్న పాత శుభలేఖలను ముక్కలుగా కత్తిరించి, వెనకవైపు ఒక్కో ముక్క మీద ఒక్కో ఊరి పేరు రాసుకునేవారు. సాయంత్రం అరుగు మీద కూర్చుని నేను ఒక్కొక్క ముక్క తీసి పైకి చదవాలి, ఆయన దారి చెప్పాలి.

“సిమ్లా.”

“కాల్కాలో దిగి చిన్న రైలు ఎక్కాలి.”

“పూరీ.”

“ఖుర్దా రోడ్డు.”

“ఊటీ.”

“మెట్టుపాళయం. అక్కడి నుంచి కొండ బండి.”

కొన్నాళ్ళకు ఆట తిరగబడింది. ముక్క ఆయన చేతిలో, జవాబు నా నోట్లో. “ఏమ్మా, ఇది ఎటు పోతుంది?” అని అడిగేవారు. ఎక్కడుంది అని ఆయన ఎన్నడూ అడగలేదు. ఎటు పోతుంది, ఎవరి మీదుగా పోతుంది, ఇదే ఆయన ప్రశ్న. బళ్ళో నేర్చుకున్న భూగోళానికీ ఇంట్లో నేర్చుకున్న భూగోళానికీ తేడా అంతా ఆ ఒక్క ప్రశ్నలోనే ఉంది.

బళ్ళో పాఠాన్ని తక్కువ చేసి చెప్పడం లేదు. మా సోషల్ మాస్టారు చాక్‌పీస్ ఎత్తకుండా నల్లబల్ల మీద భారతదేశ పటం గీసేవారు. కచ్ దగ్గర గుండ్రంగా తిప్పి, కన్యాకుమారి దాకా దించి, బెంగాల్ నోటి దాకా మళ్ళీ పైకి తీసుకెళ్ళడం ఇప్పటికీ నా కళ్ళకు కట్టినట్టే ఉంటుంది. దేశం ఉత్తరం నుంచి దక్షిణానికి 3,214 కిలోమీటర్లు, తూర్పు నుంచి పడమరకు 2,933 కిలోమీటర్లు అని ఆయన చెప్పిన అంకెలు ఇంకా నోటికి వచ్చు. అవుట్‌లైన్ మ్యాపులో సముద్ర తీరం వెంబడి నీలం పెన్సిల్‌తో సన్నగా గీతలు గీసి, వేలితో రుద్ది మెత్తగా చేయడం మాకు పెద్ద విద్య. కర్కటరేఖను ఎర్ర చుక్కలతో గీసేవాళ్ళం. గుజరాత్ నుంచి మిజోరం దాకా ఎనిమిది రాష్ట్రాల మీదుగా వెళ్ళే గీత అది. పరీక్షలో పటానికి కేటాయించిన మార్కులు పోకూడదని అందరం కష్టపడేవాళ్ళం. ఆ పటంలో రాష్ట్రాలకు రంగులుండేవి, హద్దులుండేవి. దారులు ఉండేవి కావు.

నాన్న పటంలో హద్దులే లేవు. యానాం సంగతి చూడండి. పరిపాలన పుదుచ్చేరిది. మ్యాపులో దాని రంగు పుదుచ్చేరి రంగు. మన గోదావరి ఒడ్డున, కాకినాడకు దగ్గరలో ఉన్న ఊరు. ఉత్తరానికి ఫ్రెంచి వాళ్ళ చరిత్రతో పని లేదు. గోదావరి జిల్లాల సంచిలోనే వెళ్ళాలి. పిన్ కోడ్ వచ్చాక కూడా యానాం నంబరు 533464. రాజమండ్రికీ, కాకినాడకూ ఉన్న 533తోనే అదీ మొదలవుతుంది. అలాగే మాహె కేరళ వాళ్ళ 673లో ఉంది. లక్షద్వీపాలు కొచ్చిన్ మీదుగా, అండమాన్లు కలకత్తా వైపు లెక్కలో. దేశాన్ని ఎవరు పాలిస్తున్నారన్నది ఒక పటం, ఎవరు ఎవరికి అందుబాటులో ఉన్నారన్నది ఇంకొక పటం. నాకు రెండోదే అసలు పటమని చిన్నప్పుడే నాటుకుపోయింది. ఇన్నేళ్ళయినా ఆ అభిప్రాయం మారలేదు.

1972 ఆగస్టు 15న పిన్ కోడ్ వచ్చింది. శ్రీరామ్ భికాజీ వేలంకర్ రూపొందించిన పద్ధతి అది. మొదటి అంకె దేశంలో ఏ ప్రాంతమో చెబుతుంది, మొదటి మూడూ కలిస్తే సార్టింగ్ జిల్లా, చివరి మూడు పంపిణీ చేసే తపాలా కార్యాలయం. మొదటి అంకెగా ఒకటి నుంచి ఎనిమిది దాకా దేశమంతటికీ సరిపోయాయి, తొమ్మిదిని సైన్యానికి ఇచ్చారు. ఎందుకు అవసరమయిందో నాన్న చెబుతుంటే కథలా ఉండేది. బిలాస్‌పూర్ అని రాస్తారు. అది ఛత్తీస్‌గఢ్ ప్రాంతంలోదా, హిమాచల్‌లోదా? ఔరంగాబాద్ అంటే మహారాష్ట్రలో ఒకటి, బిహార్‌లో ఒకటి. మన కొత్తపేటలూ రామాపురాలూ అయితే లెక్కే లేదు. పైగా ఒక్కొక్కరు ఒక్కో భాషలో, ఒక్కో తీరుగా రాసే చేతిరాత. ఆరు అంకెలతో ఆ చిక్కు చాలావరకు విడిపోయింది. తెలుగువాళ్ళం, కన్నడిగులం అయిదుతో మొదలయ్యే నంబర్లలో కలిసే ఉన్నాం. 2014లో రాష్ట్రం రెండయినా ఆ అయిదు అయిదుగానే ఉంది.

నాన్న పరీక్ష ముక్కల్లో నన్ను అన్నిటికంటే ఆకట్టుకున్న ఊరు అగర్తలా. మ్యాపులో చూస్తే కలకత్తాకు తూర్పున, పక్కనే ఉన్నట్టుంటుంది. మధ్యలో బంగ్లాదేశ్. ఉత్తరమైతే కలకత్తా నుంచి విమానంలో పోతుంది. పార్సిల్ మాత్రం ఉత్తర దిక్కుకు ఎక్కి, సిలిగురి దగ్గర ఇరవై కిలోమీటర్ల పైచిలుకు వెడల్పున్న సన్నటి పట్టీ దాటి, అస్సాంలోకి దిగి, కొండల మధ్య మీటరుగేజి మీద మళ్ళీ దక్షిణానికి రావాలి. రైలు త్రిపుర అంచుల దగ్గరే ఆగిపోయేది. అక్కడి నుంచి రోడ్డు. 1947కు ముందు తూర్పు బెంగాల్ మీదుగా సులువైన రైలు దారులుండేవి. దేశ విభజన అంటే మాకు పాఠంలో పంజాబు, ఢిల్లీ, గాంధీగారు. ఒక గీత గీస్తే ఒక ఊరికి దారే పోతుందని నాకు అర్థమయింది మాత్రం ఆ శుభలేఖ ముక్క వల్ల. జమ్మూ కూడా అలాంటిదే. సియాల్‌కోట్ నుంచి వచ్చే రైలు దారి విభజనతో తెగిపోయింది. ఆ తరవాత చాలా ఏళ్ళు కాశ్మీర్ సంచులన్నీ పఠాన్‌కోట్‌లో రైలు దిగి రోడ్డెక్కాల్సిందే.

ఇంట్లో ఇంకొక భూగోళం కూడా ఉండేది. వ్రతానికో పుట్టినరోజు పూజకో పురోహితుడు సంకల్పం చెప్పేటప్పుడు, మేరువుకు దక్షిణాన, శ్రీశైలానికి ఈశాన్యాన, కృష్ణా గోదావరుల నడుమ అంటూ మేము కూర్చున్న పీట చిరునామా చెప్పేవారు. నాయనమ్మకు మ్యాపు చదవడం రాదు, కానీ తానెక్కడుందో ఆవిడకు ఎప్పుడూ అనుమానం లేదు. ఆ చిరునామాలో రాష్ట్రం పేరు లేదు, జిల్లా పేరు లేదు. రెండు నదులు, రెండు కొండలు, అంతే.

ఈ రెండూ, అంటే దారులూ నదులూ, నాకు ఒకచోట కలిసింది ఎల్‌టీసీ ప్రయాణంలో. ప్రభుత్వోద్యోగుల ఇళ్ళలో పుట్టినవాళ్ళకు ఆ మూడక్షరాల మహిమ చెప్పక్కర్లేదు. నాలుగేళ్ళకోసారి సర్కారు ఇచ్చే ప్రయాణ ఖర్చుతో కుటుంబమంతా దేశంలో ఎక్కడికైనా వెళ్ళి రావచ్చు. నాన్న ఢిల్లీ అన్నారు. అమ్మకు తాజ్‌మహల్ మీద, నాన్నకు దారి మీద మనసు.

రైలెక్కేముందే ఆయన నాకొక పని అప్పజెప్పారు. పసుపు రంగు స్టేషన్ బోర్డుల మీద ఊరి పేరు కింద చిన్న అక్షరాల్లో ఒక అంకె ఉంటుంది, సముద్ర మట్టానికి ఆ స్టేషన్ ఎంత ఎత్తులో ఉందో చెప్పే అంకె. కనిపించినవన్నీ నోటుబుక్కులో రాయాలి. మంచిర్యాల ముందు గోదావరి వంతెన మీదికి రైలు వచ్చినప్పుడు నడిరాత్రి. అందరినీ లేపారు. చీకట్లో నీళ్ళు కనిపించలేదు గానీ వంతెన శబ్దం చాలాసేపు వినిపించింది. సిర్పూర్ కాగజ్‌నగర్ దాటాక బోర్డుల మీద తెలుగు ఆగిపోయింది. తెల్లవారుతుండగా బల్లార్షా వచ్చే ముందు ఇంకొక పెద్ద నది. వార్ధా అన్నారు నాన్న.

ఆ తరవాత కిటికీలో నేల రంగు మారింది. మా వైపు ఎర్ర నేలలు, గుండ్రాళ్ళ గుట్టలు అలవాటైన కళ్ళకు వార్ధా, నాగపూర్ చుట్టూ ఉన్న నల్లరేగడి కొత్తగా కనిపించింది. కోట్ల ఏళ్ళ కిందట పొరలు పొరలుగా పారిన లావా చల్లబడి రాయయి, ఆ రాయి కరిగి ఈ నల్లమన్ను అయింది. పత్తి అంత బాగా పండేది అందుకే. నాగపూర్‌లో బుట్టల నిండా కమలాపండ్లు కిటికీల దాకా వచ్చాయి. బోర్డు మీద 300 మీటర్ల పైచిలుకు.

అక్కడి నుంచి రైలు ఎక్కడం మొదలుపెట్టింది. సాత్పురా కొండలు. నా నోటుబుక్కులో అంకెలు పెరుగుతూ పోయాయి. ముల్తాయి అనే చిన్న స్టేషన్ దగ్గర 700 దాటింది. “తపతి ఇక్కడే పుడుతుందమ్మా, సూరత్ దాకా పోతుంది” అన్నారు నాన్న. నేను కిటికీ ఊచలకు ముఖం ఆనించి చూశాను. పొలాలు, మర్రిచెట్లు, రేకుల ఇళ్ళు. ఒక నది పుట్టేచోటు అంత మామూలుగా ఉంటుందని అనుకోలేదు. బేతుల్ దాటాక సొరంగాలు, లోయలు. ఇటార్సీ వచ్చేసరికి అంకె మళ్ళీ 300 పైచిలుకుకు దిగింది. ఒక పూటలో ఒక పర్వతం ఎక్కి దిగామని రుజువు నా చేతిలోని నోటుబుక్కే. ఇటార్సీ తరవాత నర్మద. వంతెన మీద జనం నాణేలు విసిరారు, అమ్మ కళ్ళకు అద్దుకుని తానూ ఒకటి విసిరింది. మన నదులన్నీ తూర్పుకు పోతుంటే ఇది ఎందుకు పడమటికి పోతోందని అడిగాను. వింధ్యకూ సాత్పురాకూ మధ్య నేల కుంగి పొడుగాటి లోయ ఏర్పడింది, నీళ్ళు దాన్ని పట్టుకుని పోతాయి అని నాన్న చెప్పారు. భోపాల్ దాటాక, చీకటి పడుతుండగా కొండ మీద సాంచీ స్తూపం కనిపించింది. దానికి కాస్త ముందే కర్కటరేఖ దాటేశాం. నా ఎర్ర చుక్కల గీత నేల మీద ఎక్కడా కనిపించలేదు, కానీ దాటామన్న సంతోషానికి నిద్ర పట్టలేదు.

ముల్తాయి గురించి అసలు సంగతి నాకు చాలా ఏళ్ళ తరవాత తెలిసింది. ఉద్యోగంలో చేరాక పెద్ద అట్లాసు కొనుక్కుని నదులను వేలితో పట్టుకుని వెళ్ళడం నాకొక అలవాటయింది. బల్లార్షా దగ్గర మేము దాటిన వార్ధా మొదలు ఎక్కడా అని పైకి పోతే, వేలు మళ్ళీ ముల్తాయి దగ్గరే ఆగింది. తపతీ వార్ధా రెండూ ఆ ముల్తాయి చుట్టుపక్కలే పుడుతున్నాయి. ఒకటి పడమటికి పోయి అరేబియా సముద్రంలో కలుస్తుంది. రెండోది దక్షిణానికి వచ్చి వైన్‌గంగతో కలిసి ప్రాణహిత అవుతుంది, కాళేశ్వరం దగ్గర గోదావరిలో చేరుతుంది. అదే బేతుల్ జిల్లాలో ఉత్తరం వైపు కురిసిన వాన తవా నదిలో పడి నర్మదకు పోతుంది. అంటే ఆ కిటికీలోంచి నేను చూసిన రేకుల ఇళ్ళలో ఒక ఇంటి కప్పు మీది వాన సూరత్‌కు పోతే, కొంచెం అవతలి ఇంటి వాన మన అంతర్వేదికి వస్తుంది. ఆ రాత్రి అట్లాసు ముందు కూర్చుని ఎంత పొంగిపోయానో చెప్పలేను. వెంటనే నాన్నకు ఇన్లాండ్ కవరు రాశాను. ఆయన జవాబులో ఒకటే వాక్యం: “నీళ్ళకూ జంక్షన్లు ఉంటాయన్నమాట.”

బొంబాయి వెళ్ళినప్పుడు లోనావాలా దగ్గర ఇలాంటిదే చూశాను, ఈసారి తెలిసి చూశాను. ఘాట్ అంచున ఉన్న ఊరు అది. అక్కడ పుట్టే ఇంద్రాయణి తూర్పుకు తిరిగి భీమలో, భీమ కృష్ణలో కలిసి, ఆ నీళ్ళు హంసలదీవి దాకా వస్తాయి. ఘాట్ దిగువన కురిసిన వాన ఉల్హాస్ నదిలో పడి ఆ పక్కనే సముద్రం చేరుకుంటుంది. గోదావరి కథ తెలిసిందే. త్ర్యంబకం దగ్గర పుట్టిన చోటు నుంచి అరేబియా సముద్రం సుమారు 80 కిలోమీటర్లు. అది వదిలేసి 1,465 కిలోమీటర్లు నడిచి బంగాళాఖాతానికి వస్తుంది. దక్కను పీఠభూమి తూర్పుకు వాలి ఉండటం వల్ల మనకు దక్కిన భాగ్యం ఇది. ఆ వాలు అటువైపు ఉండి ఉంటే కోనసీమ లేదు, కృష్ణా డెల్టా లేదు.

నీళ్ళ దారులు మన జీవితకాలంలో మారవు. మనుషుల దారులు మారతాయి. నాన్న ఉద్యోగంలో ఉండగానే రైళ్ళలో సార్టింగ్ తగ్గుతూ వచ్చింది. ఆయన నేర్చుకున్న దారులు ఒకటొకటే పాతబడ్డాయి. అది చూసి ఆయన దిగులు పడలేదు, పైగా పేపర్లో కొత్త లైను గురించి వస్తే కత్తిరించి దాచేవారు. 1998లో కొంకణ్ రైల్వే మొత్తం తెరిచినప్పుడు మంగళూరు, బొంబాయి మధ్య చుట్టు తిరుగుడు తప్పిందని ఇంటికి వచ్చిన ప్రతివాళ్ళకూ చెప్పారు. గూగుల్ మ్యాప్స్ చేతికొచ్చాక నేను ఆయనకు ఫోనులో ముల్తాయి చూపించాను. తెరను వేళ్ళతో పెద్దది చేసుకుని, స్టేషన్ వెతుక్కుని, పట్టాల వెంబడే ఇటార్సీ దాకా జరుపుకుంటూ పోయారు. ఊరి మీద చుక్క పెట్టి చూపించే ఫోను ఆయనకు నచ్చింది, అయితే పట్టాలు వదిలి పక్కకు మాత్రం ఎప్పుడూ పోలేదు.

2016లో అగర్తలాకు బ్రాడ్‌గేజి రైలు వచ్చిన వార్తను ఆయన చూశారు. 2025 జూన్‌లో చీనాబ్ మీద 359 మీటర్ల ఎత్తున కట్టిన వంతెన దాటి కాశ్మీర్ లోయకు రైలు వెళ్ళిన వార్త చూడటానికి లేరు. పఠాన్‌కోట్‌లో ఆగిపోయిన ఆయన సంచులు గుర్తొచ్చి ఆ రోజు టీవీ ముందు నుంచి లేవలేకపోయాను.

మా అమ్మాయికి ఉద్యోగంలో ఎల్‌టీసీ లేదు గానీ సెలవులున్నాయి. వచ్చే శీతకాలం ఇద్దరం అగర్తలా వెళ్ళాలనుకున్నాం. విమానంలో పోదామంది, హైదరాబాద్ నుంచి పూట ప్రయాణమట. వద్దన్నాను. సియాల్దాలో కాంచన్‌జంగా ఎక్స్‌ప్రెస్ ఎక్కుతాం. ఫరక్కా దగ్గర గంగ దాటి, సిలిగురి పట్టీలోంచి దూరి, గువాహటి మీదుగా లమ్డింగ్, అక్కడి నుంచి హాఫ్లాంగ్ కొండలు, బదర్‌పూర్, ఆ తరవాత త్రిపుర. నాన్న పార్సిల్ సంచులు వెళ్ళిన దారే ఇంచుమించు. కిటికీ పక్క బెర్తు ఎవరిదన్న దాని మీద తల్లీకూతుళ్ళకు ఇంకా రాజీ కుదరలేదు. బోర్డుల మీద ఎత్తులు రాసే పని మాత్రం తనకే అప్పజెప్పాను, నోటుబుక్కు కొనేసింది కూడా.